మోషన్ సమస్యకి బయోఫీడ్‌బ్యాక్ అంటున్నారు, ఎవరైనా చేయించుకున్నారా? ప్లీజ్ చెప్పండి

సన్నజాజి_31:

అందరికీ నమస్తే అండి. ఈ విషయం అమ్మకి, మా ఆయనకి తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేదు, ఇక్కడ నేనెవరో ఎవరికీ తెలీదు కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నా. నాకు 31 ఏళ్ళు, మాది గుంటూరు పక్కన పల్లెటూరు, జాబ్ హైదరాబాద్‌లో. నాకు ఇంటర్ నుంచి మోషన్ సరిగ్గా అవ్వదు. రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్, పొద్దున 5 కల్లా స్టడీ అవర్లో కూర్చోవాలి, మా ఫ్లోర్లో 40 మందికి మూడే బాత్రూమ్‌లు, లోపలికి వెళ్ళిన రెండు నిమిషాలకే బయట బకెట్లతో లైన్లో ఉన్నవాళ్ళు తలుపు కొట్టేవాళ్ళు. అలా ఆపుకుని ఆపుకుని రెండేళ్ళు గడిచాయి, తర్వాత సొంత బాత్రూమ్ ఉన్న ఇంట్లో ఉన్నా మళ్ళీ మామూలుగా అవ్వలేదు.

వాడనిది లేదు. ఇసబ్గోల్, లాక్టులోజ్ సిరప్, నీళ్ళలో కలుపుకునే పౌడర్, త్రిఫల, రాగి చెంబులో నీళ్ళు, రాత్రి బొప్పాయి. మందు వేసుకుంటే మెత్తగానే ఉంటుంది కానీ మెత్తగా ఉన్నా బయటికి రాదు, అదే నా బాధ. 40 నిమిషాలు ముక్కీ ముక్కీ చెమటలు పట్టేస్తాయి, ఇంకా లోపల ఉన్నట్టే అనిపిస్తుంది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ ఒక్కోసారి వేలితో తీసుకోవాల్సి వస్తుంది. పెళ్ళిళ్ళకి, ఊళ్ళకి వెళ్ళాలంటే ముందురోజు నుంచే అన్నం మానేస్తా.

కొలనోస్కోపీ చేశారు, నార్మల్. థైరాయిడ్ నార్మల్. ఇప్పుడు కొత్త గ్యాస్ట్రో డాక్టర్ గారు మానోమెట్రీ అనే టెస్ట్ చేయించి, దాంట్లో తేలితే బయోఫీడ్‌బ్యాక్ 6 సిట్టింగులు అన్నారు. కరెంట్ పెడతారా? నొప్పి ఉంటుందా? లేడీస్ చేస్తారా? అసలు పనిచేస్తుందా? మా ఆయన సపోర్టే కానీ కంప్యూటర్ పెట్టి యోగా చెప్పినట్టు ఉందే అంటున్నారు. ఒక ఫ్రెండ్ యూట్యూబ్‌లో కీగల్ ఎక్సర్‌సైజులు చూసి చేయమంటే రెండు నెలల నుంచి రోజూ 100 చేస్తున్నా, ఏం తేడా లేదు, నిజం చెప్పాలంటే ఇంకా బిగుసుకున్నట్టే ఉంది.

రైతుబిడ్డ_తెనాలి:

అమ్మా ఇంత చిన్న వయసులో ఈ టెస్టులన్నీ ఎందుకు, రాత్రి పడుకునేముందు గోరువెచ్చటి పాలల్లో ఆముదం ఒక చెంచా, పొద్దున్నే నడక, జొన్నన్నం తినండి, మా ఇంట్లో అందరికీ దాంతోనే తగ్గింది. హాస్పిటల్ వాళ్ళు మెషిన్ కొన్నాక దానికి పేషెంట్లని వెతుక్కుంటారు.

ఉక్కునగరం_నాన్న:

బాబాయ్ గారూ మీరు చెప్పింది గట్టిగా అయ్యేవాళ్ళకి, పీచు తక్కువ తినేవాళ్ళకి పనిచేస్తుంది, కాదనను. కానీ ఆ అమ్మాయి రాసింది మళ్ళీ ఒకసారి చదవండి, మెత్తగా ఉన్నా రావట్లేదు అంటోంది. అచ్చం నాది కూడా అదే కథ కాబట్టి రాస్తున్నా.

అమ్మా, నాకు 46, వైజాగ్. నాకు రెండేళ్ళ కిందట చేశారు. మొలలు అనుకుని పదేళ్ళు ఆయింట్‌మెంట్లు పూసుకున్నా. ముందు మానోమెట్రీ గురించి చెప్తా, ఎందుకంటే నేను దానికే ఎక్కువ భయపడ్డా. మత్తు ఇవ్వరు, అవసరం కూడా లేదు. ఎడమవైపు తిరిగి మోకాళ్ళు ముడుచుకుని పడుకోమంటారు, పెన్సిల్ కంటే సన్నటి ట్యూబ్, చివర చిన్న బెలూన్, జెల్ రాసి పెడతారు. ఇబ్బందిగా ఉంటుంది కానీ నొప్పి లేదు. బిగించండి అంటారు, వదలండి అంటారు, మోషన్‌కి వెళ్ళినట్టు ముక్కండి అంటారు. తర్వాత బెలూన్‌లో 50 ఎం.ఎల్. నీళ్ళు నింపి టాయిలెట్‌లో కూర్చుని దాన్ని బయటికి పంపమన్నారు. మామూలుగా అయితే ఒక నిమిషంలో వచ్చేయాలంట. నేను అయిదు నిమిషాలు కూర్చున్నా రాలేదు, చివరికి వాళ్ళే తీశారు. ఆరోజు ఇంటికి వస్తూ స్కూటర్ ఆపి ఏడ్చా, బాధతో కాదు, పదేళ్ళ తర్వాత నా జబ్బు ఒక కాగితం మీద కనపడిందని.

ఇక సిట్టింగ్. కరెంట్ ఏమీ పెట్టలేదు. అదే ట్యూబ్ లాంటిది పెట్టి ఎదురుగా స్క్రీన్ పెడతారు, స్క్రీన్ మీద రెండు గీతలు. పై గీత పొట్ట లోపలి ప్రెషర్, కింద గీత మలద్వారం కండరం. ముక్కినప్పుడు పై గీత లేవాలి, కింద గీత దిగాలి. నేను ముక్కితే రెండూ కలిసి లేచాయి. అంటే నేను ఒక చేత్తో తలుపు తోస్తూ ఇంకో చేత్తో గడియ పెడుతున్నా అన్నమాట, అదీ అన్నేళ్ళ నుంచి, నాకు తెలియకుండా! కళ్ళతో చూసేదాకా ఎవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. రెండో సిట్టింగ్‌లో మేడమ్ గారు ముక్కడం పూర్తిగా మానేయండి, పొట్ట కింది దాకా గాలి పీల్చి నడుము చుట్టూ వెడల్పు చేసినట్టు ఊహించుకోండి, దవడ వదిలేయండి అన్నారు. దవడకీ దీనికీ ఏం సంబంధం అనుకున్నా, కానీ పళ్ళు బిగపట్టడం మానగానే కింద గీత కొంచెం దిగింది. రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లు ఎలా అనిపించిందో గుర్తుపెట్టుకోండి, ఇంట్లో స్క్రీన్ ఉండదు, ఆ ఫీలింగే ఉంటుంది అన్నారామె. నాకు నాలుగో సిట్టింగ్ తర్వాత ఇంట్లో తేడా తెలిసింది. మొత్తం అయిదు చేశారు. నాకు లేచి వచ్చాక మళ్ళీ మళ్ళీ వెళ్ళడం పోయింది, పౌడర్ సగానికి తగ్గించా. పూర్తిగా పోయిందని చెప్పను, ప్రయాణాల్లో ఇప్పటికీ ఇబ్బందే.

ఫిజియో_పద్మ:

నేను పెల్విక్ ఫ్లోర్ (పొత్తికడుపు అడుగున ఉండే కండరాలు) ఫిజియోథెరపిస్ట్‌ని, ఈ పనే చేస్తాను, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా.

సన్నజాజి గారూ, అన్నిటికంటే ముందు ఆ కీగల్స్ ఈరోజే ఆపేయండి. కీగల్ అంటే బిగించే ఎక్సర్‌సైజ్. దగ్గినా తుమ్మినా యూరిన్ లీక్ అయ్యేవాళ్ళకి, డెలివరీ తర్వాత కండరం వదులైనవాళ్ళకి అది. మీ కండరం ఇప్పటికే వదలాల్సిన టైంలో బిగుస్తోందేమో అని డాక్టర్ గారి అనుమానం, అలాంటప్పుడు రోజుకి 100 సార్లు బిగించడం ప్రాక్టీస్ చేస్తే ఏమవుతుందో మీకే తెలిసింది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో వీడియోలు చూసి ఇలా చేసుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు, చూస్తే బాధేస్తుంది, ఎవరూ వాళ్ళకి బిగించడం వేరు వదలడం వేరు అని చెప్పలేదు.

ఇంకో సంగతి, ఆర్నాల్డ్ కీగల్ అమెరికాలో గైనకాలజిస్ట్, ఆయన 1948లో ఈ ఎక్సర్‌సైజుల గురించి రాసినప్పుడు ఊరికే బిగించండి అని వదిలేయలేదు, పెరినియోమీటర్ అని ప్రెషర్ చూపించే మీటర్ ఇచ్చి, ముల్లు కదులుతుంటే చూసుకుంటూ చేయమన్నారు. అప్పటికి బయోఫీడ్‌బ్యాక్ అనే పేరు వాడుకలోకే రాలేదు, ఆ పేరుతో సంఘం పెట్టుకుంది 1969లో కాలిఫోర్నియాలో. ఇప్పుడు జనం మీటర్ వదిలేసి ఎక్సర్‌సైజ్ ఒక్కటే పట్టుకున్నారు. చాలామంది ఆడవాళ్ళు మాటతో చెప్తే బిగించాల్సిన కండరం బదులు పిరుదులు, తొడలు బిగిస్తారు, కొంతమంది బిగించే బదులు కిందికి తోస్తారు, చూపించే మీటరుంటే మొదటిరోజే సరిచేయొచ్చు.

మీ ప్రాబ్లమ్ పేరు, టెస్ట్‌లో తేలితే, డిస్సినర్జిక్ డిఫెకేషన్ అంటారు. పేగు చివర చుట్టూ ఉయ్యాల తాడులా ప్యూబోరెక్టాలిస్ అనే కండరం ఉంటుంది, మామూలప్పుడు అది పేగుని ముందుకి లాగి వంపు తిప్పి పట్టుకుంటుంది, అందుకే లీక్ అవ్వదు. మోషన్‌కి కూర్చున్నప్పుడు అది వదులై వంపు తిన్నగా అవ్వాలి. గొంతుక్కూర్చుంటే ఇది సులువు, వెస్టర్న్ కమోడ్ ఉంటే కాళ్ళ కింద జానెడు ఎత్తు పీట వేసుకోమనేది ఇందుకే. ఏళ్ళ తరబడి ఆపుకున్నవాళ్ళలో, బాగా నొప్పి భరించినవాళ్ళలో ఆ వదలడం అనే పని మర్చిపోతుంది శరీరం. మీ హాస్టల్ కథ వింటుంటే నా పేషెంట్లు ఎంతమంది కళ్ళముందు మెదిలారో. మీ తప్పేం లేదమ్మా ఇందులో, 16 ఏళ్ళ పిల్లకి తలుపు కొడుతుంటే ఆపుకోవడం తప్ప ఏం తెలుస్తుంది.

పనిచేస్తుందా అని అడిగారు. 2006లో ఇటలీ వాళ్ళది ఒక ట్రయల్ ఉంది, ఈ డిస్సినర్జియా తేలిన 109 మందిని రెండు గుంపులు చేసి ఒకరికి అయిదు బయోఫీడ్‌బ్యాక్ సిట్టింగులు, ఇంకొకరికి మీరు వాడే లాంటి పౌడర్ ఇచ్చారు. ఆరు నెలలకి బాగా తగ్గింది అన్నవాళ్ళు బయోఫీడ్‌బ్యాక్‌లో 80 శాతం, పౌడర్‌లో 22 శాతం. రెండేళ్ళ తర్వాత చూసినా ఆ ఫలితం నిలిచింది. కానీ ఇది టెస్ట్‌లో తేలినవాళ్ళ సంగతి. కండరం బాగానే వదులుతూ పేగు కదలికే మందంగా ఉన్నవాళ్ళకి ఇది పెద్దగా పనిచేయదు, వాళ్ళని కూర్చోబెట్టి గీతలు చూపించి డబ్బు తీసుకోవడం అన్యాయం. అందుకే మానోమెట్రీ, బెలూన్ టెస్ట్ చేయకుండా నేరుగా సిట్టింగులు మొదలుపెడదాం అని ఎవరైనా అంటే ఎందుకని గట్టిగా అడగండి. మీ డాక్టర్ గారు ముందు టెస్ట్ అన్నారు, కరెక్ట్‌గా వెళ్తున్నారు.

సిట్టింగ్ దాదాపు గంట, వారానికో రెండు వారాలకో ఒకటి. లేడీ థెరపిస్ట్ కావాలని బుక్ చేసేటప్పుడే చెప్పండి, మొహమాటపడొద్దు, అడిగితే ఏర్పాటు చేస్తారు, మగ టెక్నీషియన్ ఉంటే పక్కన ఇంకో లేడీ స్టాఫ్ ఉండాలని అడగడం మీ హక్కు. ఇంట్లో చేయాల్సింది కూడా ఉంటుంది. టిఫిన్ తిన్న అరగంటకి వెళ్ళి కూర్చోవాలి, తిన్నాక పేగు తనంతట తానే కదులుతుంది కాబట్టి. 5 నిమిషాలకంటే ఎక్కువ ప్రయత్నించొద్దు. మీ బలం పదికి పది అనుకుంటే అయిదు నుంచి ఏడు దాకా మాత్రమే తోయండి. రాకపోతే లేచి వచ్చేయండి. మీరు 40 నిమిషాలు ముక్కడం అన్నిటికంటే ముందు ఆగాలి.

రక్తం పడినా, ఒళ్ళు తగ్గినా ఇవన్నీ పక్కనపెట్టి ముందు డాక్టర్‌కి చూపించాలి. మీకు కొలనోస్కోపీ అయింది కాబట్టి సరే, చదివే మిగతావాళ్ళ కోసం రాశా.

కృష్ణలంక_కుర్రాడు:

మధ్యలో వస్తున్నందుకు సారీ అండి, పద్మ గారూ మీరు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మా అక్కకి మైగ్రేన్, నెలకి 8, 10 రోజులు మంచం మీదే. ఇక్కడ ఒక సెంటర్‌లో తలకి బ్యాండ్ పెట్టి బ్రెయిన్ వేవ్స్ సరిచేస్తాం, 40 సిట్టింగులు ప్యాకేజీ, ముందే మొత్తం కట్టాలి, మందులు మానేయొచ్చు అంటున్నారు. ఇది కూడా బయోఫీడ్‌బ్యాకేనా? అక్క బంగారం పెట్టి కడతానంటోంది.

ఫిజియో_పద్మ:

బంగారం పెట్టనివ్వకండి తమ్ముడూ, ముందు అది ఆపండి. మైగ్రేన్ నా ఫీల్డ్ కాదు, న్యూరో వాళ్ళెవరైనా చెప్తే బాగుంటుంది. కానీ మందులు మానేయొచ్చు అని చూడకుండానే హామీ ఇచ్చేవాళ్ళ దగ్గరికి నేనైతే నా అక్కని పంపను.

న్యూరో_పీజీ_కర్నూలు:

నేను న్యూరాలజీ చదువుతున్నా. మైగ్రేన్‌కి బయోఫీడ్‌బ్యాక్ అనేది నిజమైన విషయమే బ్రదర్, 2000లో అమెరికా తలనొప్పి గైడ్‌లైన్స్‌లోనే అటాక్స్ తగ్గించడానికి వాడొచ్చని రాశారు. కాకపోతే వాళ్ళు రాసింది వేరే రకాల గురించి. ఒకటి వేలికి చిన్న సెన్సర్ కట్టి వేలి వేడి చూపిస్తూ రిలాక్సేషన్‌తో కలిపి చేయి వెచ్చబడేలా నేర్పించేది, రెండోది నుదుటి దగ్గర, మెడ దగ్గర కండరం ఎంత బిగుసుకుందో ఈఎంజీ అనే కండరాల మీటర్‌తో చూపించి వదలడం నేర్పించేది. టెన్షన్‌లో ఉన్నప్పుడు చేతుల్లో రక్తనాళాలు ముడుచుకుని వేళ్ళు చల్లబడతాయి కదా, పరీక్ష హాల్లో అందరికీ తెలిసిందే, దాన్ని వెనక్కి తిప్పడం నేర్చుకుంటే ఒళ్ళంతా నెమ్మదిస్తుంది. ఇది అమెరికాలో టొపీకా అనే ఊళ్ళో మెనింజర్ ఫౌండేషన్‌లో 1960ల్లో మొదలైంది, చేతులు వేడెక్కడం ప్రాక్టీస్ చేస్తున్న ఒకావిడకి తలనొప్పి తగ్గిపోవడం గమనించి అక్కడి నుంచి ముందుకెళ్ళారు. మన యోగి స్వామి రామాని 1970లో పరీక్షించింది కూడా అక్కడే, ఒకే అరచేతిలో రెండు చోట్ల వేర్వేరు వేడి తెప్పించి చూపించారు. కాబట్టి సన్నజాజి గారి హస్బెండ్ అన్న యోగా మాట పూర్తిగా తప్పేం కాదు, ఇక్కడ తేడా అల్లా లోపల ఏం జరుగుతోందో క్షణక్షణం బయట కనపడటం.

బ్రెయిన్ వేవ్స్ బ్యాండ్ అంటే న్యూరోఫీడ్‌బ్యాక్, మైగ్రేన్‌లో దానికి అంత గట్టి ఆధారం లేదు. అక్కని ముందు న్యూరాలజిస్ట్‌కి చూపించు, నెలకి అన్ని రోజులు అంటే అటాక్స్ రాకుండా రోజూ వేసుకునే మందులు మొదలుపెట్టాలి. నెలలో పది రోజులకి మించి నొప్పి మాత్రలు వేసుకుంటోందేమో కూడా చూడు, ఆ మాత్రల వల్లే తలనొప్పి పెరిగే పరిస్థితి ఒకటి ఉంటుంది. మందులతో పాటు వేలి సెన్సర్ పద్ధతి నేర్పించే క్లినికల్ సైకాలజిస్ట్ దొరికితే చేయించు. తనంతట తానుగా మందులు ఆపొద్దు, వాళ్ళు చెప్పారని అసలు ఆపొద్దు. మెషిన్ అక్కకి ఏమీ చేయదు బ్రదర్, అక్క నేర్చుకోవాలి, తను నేర్చుకుందో లేదో మెషిన్ చూపిస్తుంది అంతే. కొన్ని వారాలు చేశాక ఇంట్లో మెషిన్ లేకుండా చేయి వెచ్చబడటం రాకపోతే ఎక్కడో తప్పు జరుగుతున్నట్టే, 40 దాకా ఎందుకు లాగాలి.

కృష్ణలంక_కుర్రాడు:

థాంక్యూ డాక్టర్ గారూ. మాత్రలు లెక్కపెట్టా, పోయిన నెలలో 17 రోజులు వేసుకుంది. సోమవారం తీసుకెళ్తున్నా.

రైతుబిడ్డ_తెనాలి:

అమ్మా నేను తొందరపడి రాశాను, పద్మమ్మ గారు రాసింది మా ఆవిడకి చదివి వినిపించా. ఆవిడకీ ఇదే బాధంట, ముప్పై ఏళ్ళుగా నాకు చెప్పలేదు. ఆముదం తాగుతున్నానని చెప్పి ఊరుకుందంట. తెనాలి చుట్టుపక్కల ఈ టెస్ట్ ఎక్కడ చేస్తారు?

ఫిజియో_పద్మ:

బాబాయ్ గారూ మీరు ఆవిడకి చదివి వినిపించడమే పెద్ద విషయం. ఈ టెస్ట్ అన్నిచోట్లా ఉండదు, విజయవాడ, గుంటూరులో పెద్ద గ్యాస్ట్రో డిపార్ట్‌మెంట్లు ఉన్నచోటికి ఫోన్ చేసి అనోరెక్టల్ మానోమెట్రీ చేస్తారా అని ఇదే మాట వాడి అడగండి, లేదంటే హైదరాబాద్ రావాలి. పిన్ని గారి వయసుకి ముందు కొలనోస్కోపీ అయ్యాకే మిగతావి. ఈలోపు కాళ్ళ కింద పీట, తిన్నాక అరగంటకి అయిదు నిమిషాలు, ఈ రెండూ రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు.

సన్నజాజి_31:

ఏడు వారాల తర్వాత వచ్చి రాస్తున్నా, అప్పుడు జవాబు ఇచ్చినవాళ్ళకి చెప్పకపోతే బాగోదని.

మానోమెట్రీలో అదే తేలింది. బెలూన్ నాకూ రాలేదు, నాన్న గారూ మీరు రాసింది చదివి వెళ్ళా కాబట్టి కంగారు పడలేదు. లేడీ థెరపిస్టే చేశారు. మొదటి సిట్టింగ్ అంతా గీతలు రెండూ కలిసే లేచాయి, ఎంత ప్రయత్నిస్తే అంత లేచాయి, ఆరోజు నా వల్ల కాదనిపించింది. రెండోసారి ఆవిడ ఏం చేశారంటే స్క్రీన్ నా వైపు నుంచి తిప్పేసి, కాసేపు వేరే మాటలు మాట్లాడి, చదువు ఎక్కడ అని అడిగి, నేను హాస్టల్ గురించి చెప్తుంటే మళ్ళీ తిప్పి చూపించారు. తలుపు కొట్టడం గురించి చెప్తున్నప్పుడు కింద గీత కొండలా లేచి ఉంది. నేను ముక్కట్లేదు, ఊరికే మాట్లాడుతున్నా అంతే. నాకు నోట మాట రాలేదు.

నిన్న నాలుగో సిట్టింగ్ అయింది. కింద గీత దిగుతోంది, ప్రతిసారీ కాదు, పదిలో ఆరు సార్లు. బెలూన్ 50 సెకన్లలో వచ్చింది. కీగల్స్ ఆరోజే ఆపేశా పద్మ గారూ. వేలితో తీసుకోవాల్సిన అవసరం మూడు వారాల నుంచి రాలేదు. ఇంట్లో బాత్రూమ్ తలుపు మా ఆయన గానీ ఎవరు గానీ కొట్టకూడదని చెప్పా, ఆయన తలుపు మీద చిన్న కాగితం అంటించి నిదానంగా రా అని రాశారు. ఇంకో రెండు సిట్టింగులు ఉన్నాయి. మా కజిన్ ఈ ఏడాది ఇంటర్ జాయిన్ అవుతోంది, హాస్టల్ చూడటానికి వాళ్ళ అమ్మతో నేనే వెళ్ళా, ఫ్లోర్‌కి ఎన్ని బాత్రూమ్‌లు ఉన్నాయని ఫీజు కంటే ముందు అడిగా.